మరి ఎవర్ని తీసేస్తారండి?

కిందటి నెల బందరు బస్టాండులో మా పాత డ్రిల్లు మాస్టారు కనిపించారు. నేను నూజివీడు వదిలి నాలుగేళ్ళయినా ఇట్టే గుర్తుపట్టారు. ముందు నా చీలమండ ఎలా ఉందని అడిగి, తర్వాత ఆ కబురు చెప్పారు. రోజూ మా ఆట చూడటానికి వచ్చే పెద్దాయన పోయారట. మామిడి పూత మీదున్న రోజుల్లో, తోటలో కుర్చీ వేసుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. పెద్దకర్మ కూడా అయిపోయిందట. నా అడ్రసు దొరక్క ఉత్తరం రాయలేకపోయానని మాస్టారు నొచ్చుకున్నారు. ఇంతలో మాస్టారు ఎక్కవలసిన బస్సు వచ్చేసింది. నేను ఎక్కవలసిన బస్సు ఎప్పుడు వెళ్ళిపోయిందో నేను చూసుకోలేదు.

ఆ పెద్దాయన నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్ళే దారిలో ఒక ఊరి రైతు. మామిడి తోట, కాస్త మాగాణి ఉండేవి. అరవైకి దగ్గర పడ్డ మనిషి. సాయంత్రం అయిదయ్యేసరికి మోపెడ్ మీద కాలేజీ గ్రౌండుకి వచ్చేవారు. బండికి స్టాండు వేసేవారు కాదు. దాని మీదే కూర్చుని, రెండు కాళ్ళూ నేలకి ఆనించి, చీకటి పడేదాకా మా ఫుట్‌బాల్ ఆట చూసేవారు. కోతల రోజుల్లో చొక్కా మీద కాయల సొన మరకలు, భుజం మీద గడ్డిపరకలు అలాగే ఉండేవి. లారీకి లోడు ఎత్తించి తిన్నగా వచ్చేశారని మాకు తెలిసిపోయేది.

ఆయన చప్పట్లు కొట్టగా నేను చూడలేదు. గోలు పడితే మేమందరం కొట్టినవాడి మీద పడేవాళ్ళం. ఆయన మాత్రం గోలు కాసే గోలీ వైపే చూస్తూ ఉండేవారు. వెనక తుప్పల్లోంచి బంతి తెచ్చుకుని, దుమ్ము దులుపుకుని, ఆ గోలీ మళ్ళీ తన చోట నిలబడ్డాక అప్పుడు తల తిప్పేవారు. అందరినీ 'అండి' అనేవారు. ఒకసారి మా వాడొకడు కొట్టిన బంతి ఆయన బండి అద్దానికి తగిలి అది పగిలితే, వాడు వణుక్కుంటూ దగ్గరికి వెళ్ళాడు. ఆయన గాజు పెంకులు ఏరుతూ, ఎడమకాలితో కొట్టి ఉంటే లోపలికి వెళ్ళేదండి అన్నారు.

నేనప్పుడు తాలూకా ఆఫీసులో గుమస్తాని. ఆ ఏడాదే అది మండలాఫీసయింది. బోర్డు మారింది గానీ నా కుర్చీ మారలేదు. టౌన్ క్లబ్బులో మటుకు ఏడేళ్ళుగా నేనే ఫార్వర్డుని. ఆఫీసులో నా పేరు తెలియనివాళ్ళు కూడా గ్రౌండులో నా పేరు పెట్టి అరిచేవారు. ముప్ఫై ఏళ్ళ గుమస్తాకి అదెంత గొప్పో వేరే చెప్పక్కర్లేదు.

ఏటా వేసవిలో ఏలూరులో ఒక టోర్నమెంటు జరిగేది. ప్రతి జట్టూ బయటి ఊరి ఆటగాణ్ణి ఒకణ్ణి తెచ్చుకోవచ్చు. అంతకుముందు ఏడు మేం సెమీఫైనల్లో ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. ఆఖరి నిమిషాల్లో ఖాళీ గోలు ముందు బంతి నా కాలి దగ్గరికి వచ్చింది. నేను బయటికి కొట్టాను. ఎవరూ నన్నొక మాట అనలేదు. కాకపోతే మళ్ళీ ఎండలు ముదిరేసరికి, ఈసారి మంచి ఫార్వర్డుని తెచ్చుకోవాలన్న మాట మాత్రం గ్రౌండు గేటు దగ్గర టీ కొట్టులో మొదలైంది.

ఆ చర్చ వినాలి. ఆ మరుసటేడు టీవీల్లో ప్రపంచ కప్పు చూశాక ఊళ్ళో అందరూ ఫుట్‌బాల్ పండితులయ్యారు గానీ, అప్పట్లో ఆ పాండిత్యమంతా టీ కొట్టు బల్లల మీదే ఉండేది. రెండు పార్టీలు. ఒక పార్టీ బెజవాడ రైల్వే జట్టు ఆటగాడి వైపు. ఆరడుగుల మనిషి, గాల్లోకి లేచి తలతో కొడితే గోలీ చేతులు ఎత్తే లోపల బంతి లోపల ఉంటుంది. రెండో పార్టీ చింతలపూడి కుర్రవాడి వైపు. రైసుమిల్లులో ఫిట్టరు, ఎడమకాలి ఆట, సన్నటి మనిషి, ఇద్దరి మధ్య జానెడు సందుంటే చాలు జారిపోతాడు. టీ గ్లాసుల్ని డిఫెండర్లుగా, బిస్కట్ల సీసాని గోలుగా పెట్టి ఎవరికి వారు నిరూపించేవారు. రైల్వే ఆయనకి సెలవు దొరకదని ఒకరంటే, ఫిట్టరుకి ఎండ దెబ్బ తగులుతుందని ఇంకొకరు. టీ కొట్టు యజమానికి గ్లాసులు కడగడానికి కూడా లేకుండా పోయేది.

నేను రైల్వే ఆటగాడి పార్టీ. గట్టిగా వాదించేవాణ్ణి. దానికి కారణం అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు. అతను వస్తే మధ్యలో ఆడతాడు, నా చోటు నాకు ఉంటుంది. ఫిట్టరు ఆడేది సరిగ్గా నా చోట.

ఆయన మోపెడ్ మీదే కూర్చుని అంతా వినేవారు. చర్చ ఒక కొలిక్కి వస్తోందనగా నెమ్మదిగా అడిగేవారు.

"తీసుకురండి, మంచిదే. మరి ఎవర్ని తీసేస్తారండి?"

దాంతో ఆ పూట చర్చ ఆగిపోయేది. పదకొండుమందే కదా ఆడేది. ఎవరికి వాళ్ళు గ్లాసులు కింద పెట్టి లేచేవారు. మర్నాడు మళ్ళీ మొదలు, మళ్ళీ అదే ప్రశ్న. క్లబ్బు సెక్రటరీ డ్రిల్లు మాస్టారే. ఆయనకి ఒకరోజు విసుగొచ్చి, మీ తోటలో కాపు తగ్గిన చెట్టుని మీరు కొట్టెయ్యరా, దానికింత ఆలోచనేమిటి అన్నారు.

"కొట్టేస్తానండి," అన్నారాయన. "చెట్టు సాయంత్రం ఇంటికెళ్ళి పెళ్ళానికి చెప్పుకోవక్కర్లేదు కదండీ."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన నా వైపు చూడలేదు గానీ చూసినట్టే అనిపించింది. నాలుగో రోజో అయిదో రోజో ఆయన మళ్ళీ ఆ మాట అడిగేసరికి నేను లేచి నిలబడి, తీసెయ్యాల్సింది నన్నేనని మీ మనసులో ఉంటే ఆ మాట అందరి ముందూ చెప్పండి అన్నాను. ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మా ఇంటి ముందు మోపెడ్ చప్పుడైంది. చేతిలో ఏమీ లేకుండా వచ్చారు. తోటల రైతు ఆ రోజుల్లో ఒక ఇంటికి ఉత్త చేతులతో రావడం వింతే. తర్వాత అర్థమైంది, కాయలు తెస్తే చెప్పబోయే మాటకి తీపి పూసినట్టవుతుందని తేలేదు. మా ఆవిడ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళబోతుంటే ఆపారు.

"మీరూ కూర్చోండమ్మా. ఇది ఆయనొక్కరూ విని మీకు చెప్పుకోవాల్సిన మాట కాకూడదు."

ఆమె గుమ్మం దగ్గర కూర్చుంది. ఆయన నాతో చెప్పారు.

"మీకు పరుగు తగ్గలేదండి. కాలూ బాగానే ఉంది. బంతి మీ దగ్గరికి వచ్చేటప్పటికి మాత్రం మీరు ఒకసారి తల తిప్పి వెనక్కి చూస్తున్నారు. ఒక్క క్షణమే. రెండేళ్ళుగా చూస్తున్నాను. గుడివాడలో ఆ దెబ్బ తగిలినప్పటి నుంచి."

గుడివాడలో ఒక డిఫెండరు వెనకనుంచి వచ్చి నా చీలమండ మీద పడ్డాడు. మూడు నెలలు కట్టుతో ఉన్నాను. ఎముక అతికింది, ఆ సంగతి అయిపోయిందనే నేను అనుకున్నాను.

నాకు ఒళ్ళు మండిపోయింది. మీరు జన్మలో ఒక్కసారైనా బంతి తన్నారా అని అడిగాను. లేదన్నారు. మోపెడ్ మీద కూర్చుని ఎవరైనా చెబుతారు, దిగి ఆడితే తెలుస్తుంది అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయన అన్నిటికీ తల ఊపారు. అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి మా ఆవిడ మెల్లగా అంది.

"నిద్రలో కూడా కాలు లాక్కుంటున్నారండి. నాకు తెలుసు, చెప్పలేదు."

నేను ఆమె వంక చూశాను. ఆమె తల దించుకుంది.

"అది భయమండి. తప్పు కాదు," అన్నారాయన. కాఫీ చల్లారిపోయింది, అలాగే తాగేశారు. తాగి, గ్లాసు కింద పెట్టి, తను ఎందుకొచ్చిందీ చెప్పడం మొదలుపెట్టారు.

ఆయన బందరు కాలేజీలో చదువుకునేటప్పుడు ఉబ్బసం వల్ల ఆటలోకి రానిచ్చేవారు కాదట. ఆట మీద ఇష్టం కొద్దీ జట్టు పనులు చూసేవారు. మ్యాచికి ముందు పదకొండు పేర్లూ కాగితం మీద రాసి అంటించేది ఆయనే. రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు అదే జట్టులో ఫార్వర్డు. ఇద్దరిదీ ఒకే గది. ఒక ఏడు గుంటూరు నుంచి కొత్త ఆటగాడు వచ్చి కాలేజీలో చేరాడు. అందరూ కూర్చుని, అతన్ని ఆడించాలని, తమ్ముణ్ణి తప్పించాలని తీర్మానించారు. పేర్లు రాయమని ఈయనకే ఇచ్చారు.

"సాయంత్రం రాశానండి. గదికి వెళ్ళాను. మా తమ్ముడు చెంబులో నిప్పులు పోసుకుని జెర్సీ ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పక్కనే కూర్చున్నాను. భోజనం చేశాం. పడుకున్నాం. చెప్పలేదు. పొద్దున్న ఆ జెర్సీ తొడుక్కుని గ్రౌండుకి వచ్చి, అందరితో పాటు కాగితం చూశాడు. నా చేతిరాత వాడికి తెలుసు కదండీ."

తమ్ముడు ఆ జెర్సీ అక్కడే విప్పి, మడతపెట్టి, అన్న చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రానికల్లా ట్రంకుపెట్టె తీసుకుని ఇంటికి చేరాడు. చదువు మానేశాడు. మళ్ళీ అన్నతో మాట్లాడలేదు. తండ్రి పోయాక తోట రెండు ముక్కలైంది. ఇద్దరూ పక్కపక్క తోటల్లోనే ఉంటున్నారు. ఊరంతా గట్టు తగాదా అనుకుంటారు. నేనూ అలాగే విన్నాను. గట్టు తగాదా కాదండి, ఫుట్‌బాల్ అన్నారాయన. ఆ రోజు తర్వాత ఏ కాగితం మీదా ఎవరి పేర్లూ రాయలేదట. అందుకే ఇక్కడ నేనూ ఆయన పేరు రాయలేదు.

"మిమ్మల్ని తప్పుకోమని చెప్పడానికి రాలేదండి. అది జట్టువాళ్ళ పని. వాళ్ళు చెప్పరు, మొహమాటం. మ్యాచి రోజు పొద్దున్న తెలిసేలా చేస్తారు. అలా కాకూడదని వచ్చాను."

ఆయన వెళ్ళాక రెండు రోజులు నేను గ్రౌండుకి పోలేదు. మా ఆవిడతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు సాయంత్రం ఒక్కణ్ణీ వెళ్ళి, గోడకేసి బంతి కొట్టుకుంటూ నన్ను నేను గమనించుకున్నాను. వెనక ఎవరూ లేరు. అయినా తల తిరిగింది. ఆ రాత్రే డ్రిల్లు మాస్టారి ఇంటికి వెళ్ళి, రైల్వే ఆయన వద్దు, మనకి కావలసింది ఫిట్టరే, నేనే వెళ్ళి అడుగుతాను అని చెప్పాను. మాస్టారు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయన మొహంలో బరువు దిగిపోయిన తేలిక చూసి నాకు మళ్ళీ బాధ కలిగింది.

చింతలపూడి బస్సులో నా పక్కన ఆ పెద్దాయన కూర్చున్నారు. తోడు రమ్మని నేనే అడిగాను. దారిలో, ఇంతకీ మీ ఓటు ఎవరికండీ, రైల్వేకా ఫిట్టరుకా అన్నాను. నాకు తెలియదండి అన్నారు. వచ్చేవాడు ఎలా ఆడతాడో చెప్పేటంత ఆట నాకు రాదు, పోయేవాడి సంగతే కాస్త తెలుసు అన్నారు.

మిల్లులో ఆ యువకుడు తల నుంచి పాదాల దాకా తవుడు పట్టి ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను సంగతి చెప్పాను. వెంటనే ఒప్పుకుంటాడనుకున్నాను. అతను కాసేపు ఆలోచించి అడిగాడు.

"మీరు ఆడే చోటేనాండి?"

"అవును."

"మరి మీరో?"

"నేను బయట కూర్చుంటాను," అన్నాను. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. అన్నాక చూస్తే మిల్లు అలాగే ఆడుతోంది, బస్తాలు అలాగే దిగుతున్నాయి. అతను తలూపి, తనకి మంచి బూట్లు లేవన్నాడు. నావి వెంట తీసుకెళ్ళాను గానీ అతని పాదం వాటిలో సగం కూడా దూరలేదు. ముగ్గురం నవ్వుకున్నాం. నెల రోజుల్లో నేను నవ్వడం అదే.

ఏలూరులో మొదటి మ్యాచికి నేను షామియానా కింద నీళ్ళ కుండ పక్కన కూర్చున్నాను. దాచుకోకుండా రాస్తున్నాను, అతను కొట్టిన ప్రతి బంతీ బయటికి పోవాలని కోరుకున్నాను. జనం నా పేరు పిలవడం లేదు. మొదటి గోలు అతను కొట్టినప్పుడు మా వాళ్ళందరూ లేచారు, నేను లేవలేదు. ఆయన నా పక్కనే ఉన్నారు. ఓదార్చలేదు, లేవమననూ లేదు. కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చారు, తాగాను. రెండో మ్యాచిలో డిఫెండరు ఒకడు అతని మీదకి వెనకనుంచి వస్తుంటే, నాకు తెలియకుండానే లేచి, వెనక మనిషి ఉన్నాడని గొంతు చించుకుని అరిచాను. అతను చటుక్కున పక్కకి తప్పుకుని, అదే ఊపులో ఎడమకాలితో కొట్టాడు. బంతి లోపలికి వెళ్ళింది. అతను తిన్నగా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఆ పైన టోర్నమెంటు అయ్యేదాకా నేను గీత పక్కన నిలబడి అతనికి వెనక కళ్ళయ్యాను. ఫైనల్లో ఓడిపోయాం. ఆ ఓటమి నన్ను పెద్దగా బాధించలేదు.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉంటే, ధైర్యం చేసి అడిగాను. మా ఇంటికి వచ్చినట్టు మీ తమ్ముడుగారి ఇంటికి ఎప్పుడైనా వెళ్ళారా అని.

"లేదండి. ఆ రాత్రి చెప్పాల్సింది. మర్నాటి నుంచీ ప్రతిరోజూ ఆలస్యమే అయింది."

నావంటివాడితో చెప్పగలిగినవారు ఆయనతో చెప్పలేరా అన్నాను. నూజివీడులో దిగేటప్పుడు ఆయన, చూస్తానండి అన్నారు. కొన్ని నెలలకి నాకు బందరు బదిలీ అయింది. ఆ తర్వాత ఆయన్ని రెండు మూడుసార్లు చూశానేమో. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మాస్టారు కబురు చెప్పిన వారానికి వెళ్ళాను. ఆ పెద్దాయన ఇంట్లో పరామర్శ అయ్యాక, తోట చూస్తానని చెప్పి వెనక్కి నడిచాను. పిందెలు గోలీకాయలంత ఉన్నాయి. కంచె అవతల ఒకాయన పైపంచె తలకి చుట్టుకుని కాలవ సరిచేస్తున్నారు. అచ్చం పోయినాయన ముక్కే, ఆయన భుజాలే. నేనెవరో చెప్పాను. టౌన్ క్లబ్బులో ఆడేవాణ్ణని చెప్పగానే పార పక్కన పెట్టారు.

లోపలికి రమ్మన్నారు. పాక ముందు మంచం వాల్చారు. అన్నగారు మిమ్మల్ని కలవడానికి ఎప్పుడైనా వచ్చారా అని, అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఒకసారి వచ్చాడండి. నాలుగేళ్ళవుతుంది. ఆ కంచె దగ్గరే నిలబడ్డాడు. చాలాసేపు. 'పిందె నిలిచిందా' అన్నాడు. 'నిలిచింది' అన్నాను. ఇంకో మాట అంటాడని చూశాను. వెళ్ళిపోయాడు." కంచె వైపు చూస్తూ, "ఏం చెప్పడానికొచ్చాడో నాకు తెలుసండి. రా అన్నయ్యా అని ఉండాల్సింది నేను," అన్నారు.

ఆయన అన్నగారు ఆ ఆదివారం మా ఇంట్లో చెప్పినదంతా అప్పుడు నేను ఆయనకి చెప్పాను. ఉబ్బసం, కాగితం, చెంబులో నిప్పులు, ఇస్త్రీ చేసిన జెర్సీ, భోజనం చేసి పడుకోవడం, చెప్పకపోవడం. ఒక్క మాట వదలకుండా, నాకు గుర్తున్న వరసలోనే చెప్పాను. ఆయన చేతులకి ఆరిన బురదని గోటితో గీకుతూ విన్నారు.

"చెప్పేటప్పుడు నా పేరు అన్నాడా," అని అడిగారు అయిపోయాక, "తమ్ముడన్నాడా?"

"పేరు ఒక్కసారి కూడా అనలేదండి. 'మా తమ్ముడు' అన్నారు."

ఆయన తల ఊపారు. పైపంచె విప్పి మొహం తుడుచుకుని, మంచం మీద నాకు దగ్గరగా జరిగి కూర్చున్నారు.

"మళ్ళీ మొదట్నించీ చెప్పండి," అన్నారు.